పడవ పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

బండి నెక్కవలయు బరువు తక్కువ గాను
నీటఁ దేలవలయు నిబ్బరముగ
రాత్రి గూడు గాఁగ రక్షింపవలయును
ఇంటివారి కొరకు నెంచు పడవ

అవతారిక

ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. పేరు దొరకకపోయినా ప్రాంతం దొరికింది. పడవ మీద పద్యం చెబుతూ మొట్టమొదట బండిని తలచుకున్నవాడు కోనసీమవాడు కాడు. అక్కడ పడవ పెరటి రేవులోనే కట్టి ఉంటుంది. ఇతడు పాలమూరువాడో నల్లగొండవాడో అయి ఉండాలి. కృష్ణ తంగిడి దగ్గర భీమను కలుపుకొని, జూరాల, సోమశిల, నాగార్జునసాగర్ మీదుగా ఈ రెండు పాత జిల్లాల దక్షిణ భాగాన్ని ఒరుసుకుంటూ పోతుంది గాని, ఊళ్లు మెట్ట మీద, నది లోయలో. మక్తల్ మనిషికైనా దేవరకొండ మనిషికైనా నీళ్ల కంటె ముందు రోడ్డు వస్తుంది.

సందర్భము: ఒకానొక గృహస్థు శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదితో బయలుదేరి, రాత్రి నీళ్ల దగ్గర గడిపి, నాలుగు చేపలు పట్టి, ఆదివారం పొద్దుగూకేసరికి ఇల్లు చేరాలని సంకల్పించాడు. ఎటువంటి పడవ కొనాలని అడిగితే కవి ఇలా సెలవిచ్చాడు.

ప్రతిపదార్థము

ఇంటివారి కొరకున్ = భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు (ఈమె రానని అనును; అందరికంటె ముందు బండిలో కూర్చుండును) అను వీరి నిమిత్తమై; ఎంచు పడవ = అప్పు చేసి కొనఁదలచిన పడవ; బరువు తక్కువ గాను = నలుగురు లేపినచో లేచునట్లుగా; బండిన్ = ట్రాలీ ఆటోనో, బొలెరో పికప్పునో; ఎక్కవలయున్ = అధిరోహింపవలెను; నీటన్ = కృష్ణ వెనక నీటియందు; నిబ్బరముగన్ = చిన్నవాఁడు చేపను చూచి ఒక వైపునకు ఉరికినను ఒరగక; తేలవలయున్ = తేలియుండవలెను; రాత్రి = రాత్రివేళ; గూడు గాఁగన్ = నీడయై; రక్షింపవలయును = వాన, గాలి, మంచు, దోమల బారినుండి కాపాడవలెను.

తాత్పర్యము

కుటుంబంతో రాత్రి బస చేసే పడవకు మూడు గుణాలు ఉండాలి: మోయడానికి వీలు, తేలడంలో నిలకడ, నిద్రకు నీడ. ఈ వరుస మార్చకూడదు.

విశేషములు

1. "బండి." ఇక్కడ పూర్వపక్షి డాలస్‌లో ఉన్న బావమరిది. అతని వాదం ఇది: "బావా, కొంటే క్యాబిన్ ఉన్న పడవే కొనాలె. ఇరవై అడుగులది తీస్కో. లోపల పడకలుంటయి, పొయ్యి ఉంటది, టాయిలెట్ గూడ ఉంటది. ట్రైలర్ మీద పెట్టి కారుతోని గుంజుకపోవుడే. మేమంత గట్లనే పోతున్నం." ఫొటో కూడా పంపాడు. గృహస్థు అందులో పడవను చూశాడు. వ్యాఖ్యాత పడవ కింద నీళ్లలోకి దిగి ఉన్న సిమెంటు వాలును చూశాడు.

దీనికి సమాధానం. పడవ బరువని ప్రకటనల్లో వేసేది చాలాసార్లు ఉత్త ఒంటి బరువు. దాని మీద ఇంజను కూర్చోవాలి. నూరు లీటర్ల పెట్రోలు పోస్తే డెబ్బై అయిదు కిలోలు, నూరు లీటర్ల నీళ్లు పోస్తే సరిగ్గా నూరు కిలోలు. లంగరు, ఐసు పెట్టె, పరుపులు, అత్తగారి సంచి ఆ పైన. చివరికి ట్రైలర్ బరువు కూడా కలిపితే ఇరవై అడుగుల క్యాబిన్ పడవ టన్నున్నర దాటడం మామూలే. లాగే కారు కొక్కెం మీద ఆ మొత్తంలో పదో వంతుకు దగ్గరగా బరువు పడాలి. మరీ తగ్గితే వేగంలో ట్రైలర్ పక్కలకు ఊగి కారునే తిప్పేస్తుంది. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలని చట్టం. లాగడం కంటె ఆపడం కష్టమని ఆ దేశాలు తెలుసుకున్నాయి. నల్లగొండ జిల్లా నేరెడుగొమ్ము వైపు నీళ్లకు దిగే బాటలో మనకూ తెలుస్తుంది.

అమెరికా రోడ్ల మీద ప్రత్యేక అనుమతి లేకుండా లాగగల వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. అక్కడి ట్రైలర్ పడవల నడుము కొలత ఈ అంకెను చూసుకొని పెట్టిందే. అంటే ఆ పడవ వెడల్పును సరస్సు నిర్ణయించలేదు, రోడ్డు నిర్ణయించింది. బావమరిది వాదం విడిచి అతని పడవనే సాక్ష్యం అడిగితే, అది మన కవి పక్షానే పలుకుతుంది.

ప్రాచీనుల సమ్మతి కూడా ఉంది. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను గుండ్రటి తోలు పడవల గురించి రాశాడు. వాటిలో సరుకుతో పాటు ఒక గాడిదను కూడా ఎక్కించేవారట. బాబిలోను చేరాక సరుకు అమ్మి, పడవ కర్రలు కూడా అమ్మేసి, తోళ్లను గాడిద మీద వేసుకొని నడిచి ఇల్లు చేరేవారు. ఏటికి ఎదురుగా ఆ పడవ పోలేదు గనుక బండిని పడవలోనే తెచ్చుకున్నారన్న మాట.

2. "నీట." కవి "రేవున" అనలేదు. ఎందుకంటే ఇక్కడ రేవు ఒకచోట నిలవదు. శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండుతుంది. ఎండాకాలానికి యాభై అడుగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ దిగుతుంది. సాగర్ 590 అడుగుల నుంచి 510 దాకా జారిన ఏళ్లున్నాయి. నీళ్లు నిలువున ఒక అడుగు దిగితే చదును నేల మీద గట్టు ఎంతో దూరం వెనక్కి పోతుంది. సోమశిల అవతలి ఒడ్డున సంగమేశ్వర ఆలయం ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉండి వేసవిలో బయటపడుతుంది. దేవుడి గుడే ఇలా మునిగి తేలుతుంటే మన పడవకు శాశ్వత స్థానం ఎక్కడిది? దసరాకు కట్టిన చోట పడవ ఉగాదికి ఒండ్రు మట్టిలో కూర్చుంటుంది. నీళ్లు ఎటు పోతే అటు మోసుకుపోగలిగిన పడవే ఇక్కడ పనికొస్తుంది. ట్రైలర్ చక్రాలు ఆ ఒండ్రులో దిగబడ్డాయంటే పడవ సంగతి తరువాత, కారును లాగడానికి ట్రాక్టరు వెతకాలి.

3. "నిబ్బరముగ." నిబ్బరం రెండు విధాలని వ్యాఖ్యాతలు చెబుతారు. చదునడుగు పడవలో నిలబడితే నేల మీద ఉన్నట్టే ఉంటుంది; గాలి లేచి అల పుట్టగానే అడుగున దబదబా కొట్టి పళ్లు కదిలిస్తుంది. కోసు అడుగు పడవ నిలబడితే కాస్త ఊగుతుంది. అలను చీల్చుకొని పోతుంది. పిల్లలతో గట్టు వెంబడి గాలం వేసుకునేవారికి మొదటిది, నడినీటికి పోయేవారికి రెండవది. సాగర్ వెనక నీరు పొద్దున అద్దంలా ఉండి మధ్యాహ్నం గాలికి మాట మారుస్తుంది గనుక, మొదటిది కొన్నవారు గట్టు వదలకూడదని ఫలితార్థం.

ఇక పుట్టి. ఈ నదికి పుట్టిన నిజమైన పడవ ఇదే. వెదురు బద్దల అల్లిక, పూర్వం పైన తోలు, ఇప్పుడు తారు పూసిన పట్టా. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వీటిని వర్ణించాడు: బుట్టల్లా గుండ్రంగా ఉంటాయని, పదిహేను ఇరవై మందిని దాటిస్తాయని, తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటాయని. ఆయన చూసింది తుంగభద్ర పుట్టి. ఆ తుంగభద్ర అలంపురం దాటి కృష్ణలో కలిసేచోట నేటికీ పుట్టి అదే పుట్టి. చిన్న పుట్టిని ఒక్క మనిషి నెత్తికెత్తుకొని నడుస్తాడు, కాబట్టి బండి అనే మొదటి పరీక్షలో దీన్ని మించిన పడవ లేదు. అయితే తెడ్డు పట్టిన చెయ్యి తెలిసినదై ఉండాలి. కొత్తవాడు తెడ్డు వేస్తే పుట్టి తన చుట్టూ తానే ప్రదక్షిణం చేస్తుంది. పుణ్యమే గాని ప్రయాణం సాగదు.

4. "రాత్రి గూడు." గూడు నీటి మీద ఉండాలని కవి ఎక్కడా అనలేదు. పద్యంలో నీళ్లు రెండో పాదంలోనే ముగిశాయి. మూడో పాదానికి కుటుంబం గట్టెక్కింది. పాదం చివర సంధి చేయకుండా వదిలేయడం కూడా, అందరూ దిగేదాకా ఆగమని కవి హెచ్చరిక.

క్యాబిన్ నిద్రకు ఒక ప్రమాదం ఉంది. మూసిన గదిలో పొయ్యి వెలిగించినా, ఇంజను పొగ లోపలికి తిరిగినా కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాడికి మెలకువ రాదు. గాలి ఆడే ఏర్పాటు, ఆ వాయువును పసిగట్టి మోగే యంత్రం లేని క్యాబిన్‌లో పిల్లలను పడుకోబెట్టకూడదు.

నేరెడుగొమ్ము మండలంలో వైజాగ్ కాలనీ ఉంది. విశాఖ తీరం నుంచి చేపల వేటకు వచ్చినవారు సాగర్ వెనక నీటి ఒడ్డున నిలిపిన ఊరు. సముద్రం ఎరిగిన ఆ కుటుంబాలు కూడా ఇక్కడ ఇంటిని గట్టు మీద కట్టుకున్నాయి, పడవను చిన్నదిగా ఉంచుకున్నాయి. పుట్టి ఉన్నవాడికైతే గూడు వెతకనక్కరలేదు: బోర్లించి ఒక పక్కన తెడ్డు పోటు పెడితే వాన ఆగుతుంది.

గట్టు ఎంపికలోనూ విధినిషేధాలు ఉన్నాయి. జూరాల ప్రాంతంలో మొసళ్లు ఉన్నాయి, నీటి అంచున పక్క పరచరాదు. సోమశిల దిగువన ఉత్తరపు గట్టు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఆ అడవి గుండా పోయే శ్రీశైలం రోడ్డునే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, అక్కడ డేరా ఊసెత్తవద్దు. డ్యాం కింద నదీగర్భంలో పడుకోవద్దు. గేట్లు ఎత్తడానికి మన నిద్రతో పనిలేదు.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో "రాత్రి కూడు గాఁగ" అని ఉంది. ఈ పాఠం ప్రకారం పడవ రాత్రి భోజనానికి చేపలు సమకూర్చాలి. ఇది ఆకలిగొన్న లేఖకుని ప్రమాదమని మా అభిప్రాయం. బొచ్చె, రవ్వ, కొర్రమట్ట అడిగినప్పుడల్లా గాలానికి తగలవు. పైగా చెరువుల్లో చేపల మీద హక్కు మత్స్యకారుల సంఘాలది, పెద్ద జలాశయాల్లో వేటకు లైసెన్సు కావాలి. కాబట్టి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు ఇంటినుంచే తీసుకుపోవడం సర్వసమ్మతం.

5. "ఇంటివారి కొరకు." ఈ పదం చివరి పాదంలో ఉన్నా పద్యానికి కర్త కర్మ క్రియ అన్నీ ఇదే. పడవలో ఎందరు ఎక్కవచ్చు? ఇరవై అడుగుల లోపు మామూలు పడవకు అమెరికాలో ఒక లెక్క వాడతారు: పొడవును వెడల్పుతో అడుగుల్లో గుణించి పదిహేనుతో భాగించాలి. పద్నాలుగు అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు ఉంటే డెబ్బైని పదిహేనుతో భాగించగా నలుగురు, కొంత శేషం. ఆ శేషాన్ని చూసి అయిదో మనిషిని ఎక్కించరాదు. అత్తగారు గట్టున డేరా కాస్తారు.

వ్యాఖ్యాత ఇక్కడ పరిహాసం మానుతున్నాడు. 2007 జనవరిలో సింగోటం జాతర నుంచి తిరిగి వెళ్తున్న జనంతో కొల్లాపూర్ దగ్గర మంచాలకట్ట వద్ద పడవ మునిగింది. సుమారు అరవై మంది పోయారు. అది కూడా ఇంటివారితో చేసిన ప్రయాణమే. మనిషికొక లైఫ్ జాకెట్, పిల్లలకు పిల్లల కొలతది, నీళ్లలో ఉన్నంతసేపు ఒంటి మీదే. సీటు కింద దాచిన జాకెట్ ఎవరినీ తేల్చదు. ఇంజను పెడితే 2021 నాటి అంతర్దేశ నౌకల చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించాలి. చీకటి పడ్డాక పడవ కదపకూడదు.

సిద్ధాంతము

పడవ తన జీవితంలో ఎక్కువ కాలం ఇంటి ముందర, మిగిలినదానిలో సగం రోడ్డు మీద గడుపుతుంది. నీళ్లలో ఉండేది కొద్ది గంటలు. కాబట్టి దాన్ని నేలను చూసి ఎంచాలి. తెడ్డు తెలిసిన ఇంట పుట్టి చాలు. తెలియని ఇంట పద్నాలుగు అడుగుల చదునడుగు అల్యూమినియం పడవ. ఉత్తది నూరు నుంచి నూటయాభై కిలోల మధ్య ఉంటుంది, నలుగురు లేపి పికప్పులో పెడతారు, సిమెంటు వాలుతో పనిలేదు. క్యాబిన్‌కు పెట్టే డబ్బులో చిన్న వాటాతో మంచి డేరా, దోమతెర, జాకెట్లు వస్తాయి. క్యాబిన్ పడవ చెడ్డదని మేము అనలేదు. దానికి సిమెంటు దిగుడు, నిలకడైన నీటిమట్టం, బలమైన బండి అనే ముగ్గురు బంధువులు కావాలి, ఆ మువ్వురూ ప్రస్తుతం ఇక్కడ కాపురం లేరు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను బేరమునకు పూర్వము చదివినవాఁడు అప్పు తప్పించుకొనును. బేరమైన తరువాత చదివినవాఁడు వైరాగ్యము పొందును. డబ్బు ఇచ్చుటకు ముందు నలుగురిని పిలిచి, పడవను లేపించి, పది అడుగులు మోయించి చూచినవాఁడు ఇహమున నడుమునొప్పి లేక, సకుటుంబముగా గట్టు చేరును.