తలకి 33 డాలర్లు

మా వీధి చివర ఫోటో స్టూడియో ఆయన ముద్రా లోను కోసం వెళ్తే బ్యాంకు మేనేజరు మూడేళ్ల లెక్కలు అడిగాడట. పాస్‌పోర్టు సైజు ఫోటోల మీద ఆయనకి నెలకి నాలుగు రాళ్లు వస్తున్నాయి. అదే ఆయన చేసిన తప్పు. పైసా రాబడి లేకుండా ఊళ్లో అందరికీ ఊరికే ఫోటోలు తీసిపెట్టి ఉంటే, కాలిఫోర్నియాలో కళ్లకద్దుకునేవారు.

నమ్మరా? 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ ఇన్‌స్టాగ్రామ్‌ని వంద కోట్ల డాలర్లకి బేరం చేసుకుంది. అప్పటికి అక్కడ పనిచేసేది 13 మంది. రాబడి సున్నా. వాడేవాళ్లు మాత్రం దాదాపు 3 కోట్లు. అంటే తలకి 33 డాలర్లు. సంతలో గొర్రెకైనా పళ్లు చూసి, వెన్ను తడిమి ధర కడతారు. ఇక్కడ మందని లెక్కపెడితే చాలు. అన్నట్టు, సంతలోలాగే ఇక్కడా డబ్బు గొర్రెకి ముట్టదు. అదే ఏడాది జనవరిలో, నూరేళ్లకి పైబడి ఫిల్ములు అమ్మిన కొడాక్ దివాలా పిటిషను వేసింది. ఫోటోకి డబ్బు పుచ్చుకునే పాతకాలపు అలవాటు వాళ్లది మరి!

అంతకు ముందు ఏడాది కలర్ అనే యాప్ జనం చేతికి రాకముందే 4 కోట్ల 10 లక్షల డాలర్లు పోగేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 2012తో పాటే సోమలింగమూ వెళ్లిపోయాడు.

చూడగానే మాయమయ్యే ఫోటోల స్నాప్‌చాట్‌ది ఇంకో లీల. 2016లో ఆ కంపెనీకి 51 కోట్ల డాలర్ల పైచిలుకు నష్టం. మరుసటి మార్చిలో షేర్లు అమ్మకానికి పెడుతూ, మాకు ఎన్నటికీ లాభం రాకపోవచ్చని కాగితం మీదే రాసిచ్చింది. ఆ షేర్లకి ఓటు హక్కు లేదనీ చెప్పింది. జనం ఎగబడ్డారు. 17 డాలర్ల షేరు మొదటిరోజే 24 దాటింది. మా స్టూడియో ఆయన బ్యాంకులో ఇదే మాట చెప్పి ఉంటే, మేనేజరు వాచ్‌మన్‌ని పిలిచేవాడు.

మరి చివరికి డబ్బెక్కణ్ణుంచి వస్తుంది? మొన్న మా మేనకోడలి సీమంతం ఫోటో ఒక యాప్‌లో పెట్టాను. పది నిమిషాల్లో నా ఫోన్‌లో ఉయ్యాలల ప్రకటన ఊగుతోంది. నా చూపుని ఎవరో వేలంలో పాడుకున్నారన్నమాట. పాట ఎంత దాకా వెళ్లిందో నాకు చెప్పలేదు, నా వాటా ఊసే లేదు.

ఆ ఫోటో తీసింది మా స్టూడియో ఆయనే. ఆయన లోను ఇంకా రాలేదు. నేనూ రెండు వందలు బాకీ.