బిందె క్రింది బంతి

మైదానము చుట్టును మూగిన జనమంతయు ఆటగానినే చూచును గాని ఆటగాడు మాత్రము నన్ను చూచును; అందుచేత ఫుట్‌బాలు ఆటగాడైన తులసీదాస్ బలరామును గూర్చి ఎవరెన్ని వ్రాసినను, ఆయన మడమను, పాదపు లోవంపును, బూటు కొనను ప్రత్యక్షముగా నెరిగిన నావంటి తోలుబంతి సాక్ష్యము లేనిదే ఆ చరిత్ర యసమగ్రమని నా నమ్మకము.

నా పుట్టుక విషయమున చెప్పదగిన దేమియు లేదు. తోలుముక్కలను మైనపు దారముతో కుట్టి, లోపల రబ్బరు తిత్తి నుంచి, గాలి కొట్టి, మూతికి లేసు బిగించిరి. ఆ లేసు నుదుట తగిలినవారు నన్ను తిట్టని దినము లేదు. పొడిగా నున్నప్పుడు నా బరువు అరకిలోకు లోపే. కలకత్తాలో లీగు పోటీలు జరుగు వానకాలమున మాత్రము తోలు నీరు పీల్చి, తన్నినవాని కాలే నొచ్చునట్టి దశకు వచ్చుచుంటిని. నేను పోటీబంతిని గాను, సాధనబంతిని. పోటీబంతుల ఠీవి వేరు. కాని వానిని ఒక్క పోటీ ముగియువరకు తన్ని మరచిపోవుదురు, నన్నో దినదినమును తన్నుదురు. ఆటగాని నిజస్వరూపము తెలియవలెనన్న చప్పట్లు లేని ప్రొద్దుటి వేళలలోనే చూడవలెను.

బలరాము 1936లో సికిందరాబాదు దాపున నున్న అమ్ముగూడలో, తమిళదేశమునుండి వలసవచ్చిన పేదకుటుంబమున జన్మించెను. హైదరాబాదు పోలీసు జట్టును తీర్చిదిద్దిన రహీం సాహేబు ఈ బక్కపలుచని కుర్రవాని ఆట చూచి సాధనకు రమ్మని పిలువగా, అంతదూరము పోవుటకు వానియొద్ద పైకము లేదని తెలిసి, సైకిలు అద్దె తానే యిచ్చెనని మైదానములో చెప్పుకొనగా వింటిని. ఆ కుర్రవాడే 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందిన భారతజట్టులో నుండెను. మరుసటి యేడు కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరెను. 1960లో ఇటలీలో జరిగిన ఒలింపిక్సులో, ఆ యేడు కాంస్యము గెలిచిన హంగెరీపైని ఒక గోలు, పెరూపైని మరియొక గోలు కొట్టెను. ఆ రెండు పోటీలును మనము ఓడిన మాట నిజమే. కాని హంగెరీ చేతిలో రెండొకట్లతో ఓడుట ఎంతటి గౌరవమో ఇప్పటివారికి చెప్పిన నమ్మరు.

1961లో ఆయన ఈస్ట్ బెంగాల్ నాయకుడై లీగు గెలిపించి, తానొక్కడే 23 గోలులు కొట్టిన కాలముననే నేనాయన పాదముల నెరిగితిని. ఎడమవైపునుండి లోనికి దూసుకొనివచ్చి, అడ్డము వచ్చినవాడు ఏ కాలిపై బరువు మోపెనో ఒక్క కనురెప్పపాటు కనిపెట్టి, నన్ను ఆ కాలి ప్రక్కనుండియే జారవిడుచును. ఆ కాలు పైకి లేచులోపల మేమిరువురమును అవతల నుందుము. తన్నుట కాదది, తాకుట. గోలు ఎదుటనే కనబడుచున్నను, తనకంటె మంచి చోట నున్నవాడు కంటబడెనా, నన్ను వాని కప్పగించి తాను ప్రక్కకు తొలగును. మరునాటి పత్రికలలో అచ్చగునది ఆ రెండవవాని పేరే గదా యని నాకు కష్టము తోచెడిది గాని ఆయనకు తోచినట్లు లేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో, స్టేడియమంతయు మనవారిని ఎగతాళి చేయుచుండగా, దక్షిణ కొరియాను రెండొకట్లతో ఓడించి స్వర్ణము తెచ్చిరి. ఆ గోలులు పీ.కే. బెనర్జీవి, జర్నైల్ సింగువి. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాము అని మూడు పేర్లను దేశమంతయు ఒక్క గ్రుక్కలో పలికెడిది. తరువాతి కాలమున మొదటి యిద్దరికిని పద్మశ్రీ వచ్చెను. మావానికి 1962 నాటి అర్జున పురస్కారమే మిగిలెను.

1963లో ఊపిరితిత్తుల వ్యాధి సోకి, ముప్పది యేండ్లైన నిండకమునుపే ఆయన ఆట మానవలసివచ్చెను. దాదాపు ఆ దినములలోనే నా కుట్లును వదులై, పనికిరానివానిలో నన్ను పారవేసిరి. కలకత్తాలో రైల్వే కొలువు చేయుచుండిన పట్టిసీమవాసి యొకడు నన్ను కొద్ది డబ్బులకు కొని, కొవ్వూరువరకు రైలులోను, అచ్చటినుండి బస్సులోను తెచ్చి, ఊరి పిల్లల కిచ్చెను.

పిల్లలు మంచివారే, శ్రద్ధ యెరుగనివారు. వేసవిలో గోదావరి సన్నగిల్లి, వీరభద్రుని కొండవరకు ఇసుక తేలినప్పుడు, ఉత్తకాళ్ళతో ప్రొద్దుగూకువరకు నన్ను తన్నెడివారు. చీకటిపడగానే నన్ను ఇసుకలోనే వదలి అన్నములకు పోయెడివారు. తోలుకు నూనె రాయవలెనని ఒక్కనికిని తోచలేదు. అంతలో క్రికెట్టు వచ్చెను. వెదురుపుల్లలు మూడు పాతి, నన్ను వాకిటి మూల పడవేసిరి. నాపై కోడిపెట్టలు నిదురించినవి.

1986 ఆగస్టు వరదలో నా యజమాని యింటివారు బియ్యపు బస్తాలను, ఇత్తడి సామానును, దేవుని పటములను అటుకమీదికి చేర్చుకొనిరి. నన్ను తలచినవారు లేరు. తిత్తిలో కొంత గాలి మిగిలియుండుటచే నీటితోపాటు లేచి, దూలము సందున చిక్కుకొని, నాయంతట నేనే ఆ పటముల సరసకు చేరితిని. నీరు తీసినపిమ్మట, అట్లు బ్రతికి బయటపడిన నన్ను చూచి ఒక కుర్రవాడు సంతోషించెను. నా తిత్తిని కోసి ఉండేలుకు రబ్బరు చేసికొనెను. మిగిలిన తోలులో ఇంటి యిల్లాలు కొబ్బరిపీచు కూరి, నడుమ అణచి, వసారాలో మంచినీళ్ళ బిందెకు కుదురుగా నమర్చెను. నాటినుండి అదియే నా కొలువు.

2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న వచ్చెను. తిరునాళ్ళకై ఇల్లంతయు చుట్టములతో నిండియుండగా, రెండు దినములు ముందు మనుమడు సెల్‌ఫోను చూచి, హుగ్లీ యొడ్డున ఉత్తరపాడాలో చిరకాలము నివసించిన బలరాము 86 యేండ్ల ప్రాయమున కలకత్తాలో పోయెనని చదివి వినిపించెను.

“మామ్మా, తాతయ్య ఈ బంతిని కలకత్తానించే తెచ్చాడంటావు కదా. ఓసారి బిందె దింపు, ఫోటో తీసుకుంటాను.”

“పండగ వెళ్ళనియ్యరా. ఇంటినిండా చుట్టాలుంటే నీళ్ళ బిందె ఎక్కడ పెట్టను?”

పండుగ వెళ్ళెను, చుట్టములును వెళ్ళిరి, మనుమడు కొలువునకు హైదరాబాదు పోయెను. మామ్మ మాట న్యాయమైనదే. బజారులో ఇనుప కుదుళ్ళు దొరకునని నేను చెప్పజాలను గదా!