ఒక అడాప్టర్ పెట్టె ఆత్మకథ

మామూలు ఇంటి ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే చిన్న పెట్టెను అనలాగ్ టెలిఫోన్ అడాప్టర్ అంటారు. వర్జీనియా రాష్ట్రంలో డలెస్ విమానాశ్రయం చెంతనున్న హెర్న్‌డన్‌లో, ఒక తెలుగు కుటుంబం ఇంట రౌటర్ పక్కన ఏళ్ల తరబడి పనిచేసిన అటువంటి పెట్టె ఒకటి చెప్పుకొంటున్న సొంత కథ ఇది. మనిషి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చడం, ఆ అంకెలను ప్యాకెట్లనే చిన్న పొట్లాలుగా కట్టి పంపడం, అవతలి నుంచి వచ్చినవాటిని విప్పి తిరిగి ధ్వనిగా మార్చడం దాని నిత్యకృత్యం. రిసీవర్ ఎత్తగానే వినిపించే డయల్ టోన్ సైతం ఎక్స్ఛేంజి నుంచి రాదు, పెట్టె తానే పుట్టిస్తుంది; పాత ఫోన్‌కు అలవాటుపడిన చెవికి తేడా తెలియకపోవడమే దాన్ని అమ్మినవారి ప్రధాన బలం.

అంతకుముందు ఆ ఇంట స్వదేశానికి ఫోనంటే ఇండియన్ స్టోర్‌లో కొన్న కాలింగ్ కార్డు. గీకితే బయటపడే పిన్ నంబరు నొక్కాక ఇన్ని నిమిషాలు మిగిలాయని ఒక గొంతు చెప్పేది, క్షేమసమాచారాలు ఆ లెక్కకు లోబడి ముగిసేవి. ఇంటర్నెట్ ఫోన్ కంపెనీల ప్రచారం సరిగ్గా ఈ లెక్కకే గురిపెట్టింది. హెర్న్‌డన్ పొరుగునున్న వియన్నా పట్టణం కేంద్రంగా నడిచిన సన్‌రాకెట్, ఏడాదికి 199 డాలర్లు ముందుగా కడితే అమెరికా అంతటా అపరిమితంగా మాట్లాడుకోవచ్చని ప్రకటించి రెండు లక్షలకు పైగా చందాదారులను కూడగట్టినా, 2007 జూలైలో హఠాత్తుగా మూతపడింది. న్యూజెర్సీకి చెందిన వొనేజ్ 2009 ఆగస్టులో, భారతదేశంతో సహా 60కి పైగా దేశాలకు అపరిమిత కాల్స్‌ను నెలకు 24.99 డాలర్ల చందాలో చేర్చింది. ఈ మార్పు విలువ డాలర్లలో కొలవదగినది కాదు: వంట చేస్తూ స్పీకర్ మీద అమ్మతో మాట్లాడటం, మధ్యలో మాట ఆగినా ఫోన్ పెట్టేయకపోవడం అలవాటయ్యాయి, ఆ మౌనాన్ని కూడా పెట్టె పొట్లాలుగా కట్టి పంపింది.

అయితే పాత రాగితీగ ఫోన్‌కు కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజి నుంచే తీగ వెంట వస్తుంది కనుక ఇంట్లో దీపాలు ఆరినా అది మోగుతుంది. ఇంటి కరెంటు పోతే ఈ పెట్టె మూగబోతుంది. దాన్ని మరో ఊరికి తీసుకెళ్లినా అదే నంబరుతో పనిచేయడం సదుపాయమే గాని, అత్యవసర సహాయానికి 911 నొక్కినప్పుడు అంబులెన్సు పాత చిరునామాకు వెళ్లే ప్రమాదమూ అందులోనే ఉంది. ఈ కారణంగానే అమెరికా టెలిఫోన్ నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2005 మే నెలలో, వినియోగదారు చిరునామాను నమోదు చేయాలని, 911 పరిమితులను తెలిపే హెచ్చరిక చీటీలను ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది. తనను గురించి వెలువడిన రాతలన్నిటిలోకీ వీపున అంటించిన ఆ చీటీయే నిజాయితీ గలదని పెట్టె నిశ్చితాభిప్రాయం. ఫోన్‌కు ప్రత్యామ్నాయమని అమ్మినవారు, తమ సరుకు చేయలేని పనిని కూడా ధర ముద్రించినంత పెద్ద అక్షరాల్లో ముద్రించి ఉండవలసింది.

2015లో వాట్సాప్ వాయిస్ కాల్స్ వచ్చాక పెట్టెకు పని తగ్గింది. కానీ ఆ కాల్‌కు అవతలివారి దగ్గరా అదే యాప్ ఉండాలి. ఊళ్లోని బటన్ ఫోన్‌కు మాట చేరాలంటే ఇంటర్నెట్ పొట్లాలను సాధారణ టెలిఫోన్ వ్యవస్థలోకి మళ్లించే గేట్‌వే అనే కేంద్రం కావాలి. ఆ దారి తనకు ఉన్నందువల్ల, స్మార్ట్‌ఫోన్ వద్దన్న నాయనమ్మకు చేసే ఆదివారపు కాల్ మాత్రం ఈ పెట్టె మీదుగానే కొనసాగింది.