ఏ గడిలో వేద్దాం?

సంఘం పెట్టుకునే హక్కును రాజ్యాంగం 19(1)(సి) అధికరణలో ఒక్క ముక్కలో ఇచ్చేసింది. ఆ హక్కు క్యాంపస్ గేటు దాటి లోపలికి రావాలంటే మాత్రం మూడు ప్రతుల దరఖాస్తు, ఒక ప్రొఫెసరు సంతకం, 'ఎలాంటి ఆందోళనా చేయం' అన్న హామీపత్రం ఉండాలి. ఆపైన వర్గీకరణ: సాంస్కృతికం, సాహిత్యం, క్రీడలు, సాంకేతికం, సేవ. మరి, హాస్టల్ సాంబారులో పప్పేదని అడిగే సంఘాన్ని ఏ గడిలో వేయాలి? గుమస్తాగారు కాసేపు పెన్ను కొరికి 'ఇతరములు' అని రాశారు. ఆ ఫైలు బీరువాలోకి వెళ్లింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

విద్యార్థి సంఘాల ఎన్నికల మాటంటారా? లింగ్డో కమిటీ సిఫార్సులను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు అంటించకూడదు. తెలుగు రాష్ట్రాల్లో చాలా వర్సిటీలు ఈ రెండింటినీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. ఎన్నికలే పెట్టకపోతే ఖర్చెక్కడిది, పోస్టరెక్కడిది?

అన్నట్టు, మంత్రిగారి పుట్టినరోజుకు కేకు కోసే అభిమాన బృందానికి రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, గడీ అక్కర్లేదు. అడక్కముందే సెమినార్ హాలు తలుపులు బార్లా తెరుచుకుంటాయి. మైకు సెట్టు అదనం!