కౌబాయ్ టోపీ కొన్నాం, ఆల్బమే రావాలి

2024 జనవరి 31న, గ్రామీ అవార్డులకి ముందు పాటల రచయితల కోసం ఏర్పాటైన ఒక సభలో అమెరికా గాయని లానా డెల్ రే మైకు అందుకుని, ఇక తాను అక్కడి పల్లెబాణీ అయిన కంట్రీ సంగీతంలోకి దిగుతున్నట్టు ప్రకటించింది. ఆల్బం పేరు ‘లాసో’ అంది. పరుగెత్తే పశువు మెడకి గురి చూసి విసిరే ఉచ్చుతాడన్నమాట. విడుదల సెప్టెంబరులో అంది. తాడు ఆ సాయంత్రమే విసిరేసింది. అది సరిగ్గా అభిమానుల మెడకే పడింది.

అభిమానులు చెయ్యాల్సిన పనులన్నీ ఆలస్యం లేకుండా చేసేశారు. మడమలెత్తు తోలు బూట్లు కొన్నారు. కుచ్చులు వేలాడే చొక్కాలు, గులాబీ రంగు కౌబాయ్ టోపీలు కొన్నారు. ఏ పాట ముందొస్తుందో, ఏ పాటలో ఏ పాత ప్రియుడికి చీవాట్లు పడతాయో కూడా తేల్చేశారు. ఒక్క పాటా బయటికి రాకుండానే, అందులో మూడో పాట కొంచెం నెమ్మదిగా ఉందని విమర్శ కూడా అయిపోయింది.

సెప్టెంబరు వచ్చింది. ఆల్బం రాలేదు. పెళ్ళి వచ్చింది. లూసియానా రాష్ట్రంలో, చిత్తడి నేలల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో, పర్యాటకుల్ని పడవెక్కించి మొసళ్ళు చూపించే ఆయన్ని ఆ నెల 26న పెళ్ళాడింది. కంట్రీ పాట అడిగితే కంట్రీ మనిషినే తెచ్చుకుందని అభిమానుల్లో ఒక వర్గం మురిసిపోయింది. ఇంకో వర్గం ఇంకాస్త లోతుగా ఆలోచించి, ఇది పెళ్ళి కాదు, ఆల్బం కోసం క్షేత్ర పరిశోధన అని తీర్పిచ్చింది. పెళ్ళికొడుకుని ఎవరూ సంప్రదించినట్టు లేదు.

నవంబరులో కొత్త ప్రకటన. ఆల్బం పేరు ఇప్పుడు ‘ద రైట్ పర్సన్ విల్ స్టే’. పదమూడు పాటలు, 2025 మే 21న విడుదల. తగిన మనిషైతే విడిచిపెట్టి పోడని ఆ పేరుకి తాత్పర్యం. మొగుడి గురించే పెట్టిందని పత్రికలు రాశాయి. ఎవరెన్ని చెప్పినా, కదలకుండా కూర్చున్నది తామే కాబట్టి ఆ పేరు తమ గురించేనని అభిమానులు నమ్మారు. ఏప్రిల్లో ‘హెన్రీ, కమాన్’, ‘బ్లూబర్డ్’ అని వారం తేడాలో రెండు పాటలొచ్చాయి. రెండూ బాగున్నాయి. అదే కొంప ముంచింది. బాగుండకపోతే ఎవరి పని వాళ్ళు చూసుకునేవాళ్ళు. ఆ ఊపులో ఉండగానే, మే 21 కుదరదని, పేరు కూడా మారుతుందని కబురొచ్చింది.

ఇలాంటివి తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. ‘ఆర్ఆర్ఆర్’ 2020 జూలై 30న అన్నారు. తర్వాత 2021 జనవరి 8. ఆ తర్వాత అక్టోబరు 13. ఆపైన 2022 జనవరి 7. ఆఖరికి మార్చి 25న వచ్చింది. మధ్యలో కరోనా ఉంది కాబట్టి తప్పు పట్టలేం. అయినా ఎన్ని తేదీలు మారినా సినిమా పేరు మాత్రం అదే. ఆ లెక్కన లానా మన నిర్మాతల కన్నా ఒకాకు ఎక్కువే చదివింది. గతంలోనూ ‘వైట్ హాట్ ఫరెవర్’ అని చెప్పిన ఆల్బం 2021 మార్చిలో ‘కెమ్‌ట్రెయిల్స్ ఓవర్ ద కంట్రీ క్లబ్’ పేరుతో వచ్చింది. అదే ఏడాది జూలై 4న అన్న ‘బ్లూ బానిస్టర్స్’ అక్టోబరు 22న దిగింది. ఇంత చరిత్ర తెలిసీ మళ్ళీ తేదీకి ఎదురుచూసేవాణ్ణి ఏమనాలి? అభిమాని అనే అనాలి. తెలిసి కూడా ఎదురుచూడకపోతే వాడు శ్రోత అవుతాడంతే.

మా అన్నయ్య కూతురు ఇంగ్లండులో లీడ్స్‌లో ఉద్యోగం చేస్తోంది. పుట్టింది ఏలూరులో. లానా పాటలు పదో తరగతి నుంచీ వింటోంది. అవి వినీ వినీ పిల్ల అలా దిగులుగా తయారైందని మా వదిన ఇప్పటికీ అంటూ ఉంటుంది. 2025 వేసవికి ముందు ఒక రాత్రి ఆ పిల్ల ఫోన్ చేసింది.

“బాబాయ్, లానా టూర్‌కి టికెట్ దొరికింది. ఆన్‌ఫీల్డ్‌లో!”

“ఆల్బం వచ్చేసిందా తల్లీ?”

“ఇంకా లేదు.”

“మరి టూర్ దేనికి?”

“ఆల్బం కోసం.”

ఇంకేం అడగలేదు. ముహూర్తం కుదరకముందే రిసెప్షన్ భోజనాలు పెట్టినా, వెళ్ళి తిని, కవరు చేతిలో పెట్టి వచ్చే జాతి మనది.

జూన్ 23న కార్డిఫ్, 26న గ్లాస్గో, 28న లివర్‌పూల్, 30న డబ్లిన్, జూలై 3, 4 తేదీల్లో లండన్ వెంబ్లీ. అన్నీ స్టేడియాలే. కంట్రీ ఆల్బం టూర్‌కి కంట్రీ పుట్టిన దేశాన్ని వదిలేసి, ఐరిష్ సముద్రానికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళు ఎందుకు ఎంచుకుందో అర్థం కాలేదు. అమెరికా అభిమానులకీ అర్థం కాలేదు. మొసళ్ళకి దగ్గర్లో ఉన్నవాళ్ళకి టికెట్ల అవసరం లేదనుకుందేమో.

ఆన్‌ఫీల్డ్ కచేరీ రాత్రి మా పిల్ల వాట్సాప్‌లో పంపిన వీడియోలు చూశాను. వేదిక మీద అమెరికా దక్షిణాది పద్ధతిలో ఒక చెక్క ఇల్లు, ముందు వరండా. చుట్టూ పచ్చదనం. స్టాండ్స్ నిండా జడలకి రిబ్బన్లు, తెల్ల గౌన్లు, కాళ్ళకి కౌబాయ్ బూట్లు. లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు ఆడే మైదానంలో ఇన్ని వేల మంది ఆడపిల్లలు ఒకేసారి ఏడవడం ఆ గడ్డికి అరుదైన అనుభవమే అయ్యుండాలి. కొంతసేపటికి లానా ఇంట్లోకి వెళ్ళిపోయింది. కిటికీలో ఆమె బొమ్మ వెలిగింది. బొమ్మే పాడింది. జనం బొమ్మకీ అంతే అరిచారు. కార్డిఫ్‌లో మాత్రం కొందరు, ఇంత డబ్బు పోస్తే గంటన్నర కూడా పాడలేదు, అందులో కొంత కిటికీ ఖాతాలో పోయిందని గొణిగారు. వీళ్ళకి 2023 గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం గుర్తులేదనుకోవాలి. జుట్టు ముడి తెమలక ఆ రోజు అరగంట ఆలస్యంగా వచ్చింది. అర్ధరాత్రి గడువు దాటగానే నిర్వాహకులు కరెంటు కట్ చేశారు. మైకు లేకుండానే కంచె దగ్గరికొచ్చి జనంతో కలిసి పాడింది. కిటికీలో బొమ్మకి జడ అల్లుకునే పని లేదు. టైముకి వస్తుంది.

ఆఖర్న ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ పాడింది. ఇక్కడ నాకు నవ్వాగలేదు. జాన్ డెన్వర్ 1971లో పాడిన ఆ పాట వెస్ట్ వర్జీనియా మీద బెంగతో నడుస్తుంది. పాట మొదలుపెట్టిన బిల్ డానాఫ్, టాఫీ నివర్ట్ ఇద్దరూ అప్పటికి ఆ రాష్ట్రంలో అడుగే పెట్టలేదు. మేరీల్యాండ్‌లో కారులో పోతుంటే తట్టిన పాట అది. అయినా 2014లో వెస్ట్ వర్జీనియా దాన్ని తన అధికారిక రాష్ట్ర గీతాల్లో చేర్చుకుంది. అలాంటి పాటని, న్యూయార్క్‌లో పుట్టి మంచుకొండల లేక్ ప్లాసిడ్‌లో పెరిగిన గాయని, లివర్‌పూల్‌లో పాడుతుంటే, ఏలూరు పిల్ల గొంతు పగిలేలా అరుస్తూ తనని వెస్ట్ వర్జీనియా ఇంటికి తీసుకుపొమ్మని రోడ్డుని బతిమాలుతోంది. సొంతూరికి రమ్మంటే టికెట్ రేట్లు ఎక్కువున్నాయంటుంది.

అందుకే, “లానా అసలు కంట్రీ మనిషేనా?” అని అడిగేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. కంట్రీ సంగీతాన్ని ఏలే నాష్‌విల్ పెద్దలు ఈ ప్రశ్నని ఏళ్ళ తరబడి భద్రంగా దాచుకుని, ఎవరికి కావాలంటే వాళ్ళ ముందు పెడుతున్నారు. 2024 మార్చిలో టెక్సాస్ ఆడపడుచు బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ ఆల్బం తెచ్చింది. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డులకి ఒక్క నామినేషన్ కూడా రాలేదు. ర్యాప్ నుంచి వచ్చిన పోస్ట్ మలోన్‌కి మాత్రం వచ్చాయి. మరుసటి ఫిబ్రవరిలో గ్రామీవాళ్ళు బియాన్సేకి ఉత్తమ కంట్రీ ఆల్బం ఇచ్చేశారు. ఇచ్చి ఐదు నెలలు తిరక్కుండానే ఆ విభాగాన్ని సంప్రదాయ కంట్రీ, సమకాలీన కంట్రీ అని రెండుగా చీల్చారు. అన్నదమ్ముల ఆస్తి పంపకాలు ఎలా ఉంటాయో తెలిసిన తెలుగువాడికి దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు. షబూజీ అనే కుర్రాడి బార్ పాట బిల్‌బోర్డు పట్టిక నెత్తిన పందొమ్మిది వారాలు కూర్చుంది. అంటే లానా తాడు పేనుతున్న కాలంలో గుర్రాలన్నీ ఊరు దాటేశాయి. అభిమానులు దీనికీ సమాధానం సిద్ధం చేశారు: ఆమె ఎప్పటినుంచో కంట్రీనే, ఇప్పుడు ప్రకటించడమే ఆలస్యం. ‘కంట్రీ క్లబ్’ అని ఆల్బం పేరులోనే ఉంది కదా, ఇంకేం సాక్ష్యం కావాలి?

ఈ ఆల్బం ఎలా ఉండాలని మా పిల్లని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కంట్రీ ఉండాలి, కానీ మరీ కంట్రీ కాకూడదు. స్టీల్ గిటారు ఏడవాలి, బాంజో ఎగరకూడదు. లారీలు, బీరు సీసాలు వద్దు. తొలినాళ్ళ ఆల్బంలో లాగా వయొలిన్లు కావాలి, కానీ పాతగా వినపడకూడదు. స్టేడియం అంతా కలిసి పాడేలా ఉండాలి, అదే సమయంలో తనొక్కదానికే చెబుతున్నట్టు ఉండాలి. సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి గురించి మా వదిన చెప్పే షరతులు కూడా ఇంత పద్ధతిగానే ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద భయం వేరే ఉంది. ఎంత బతిమాలినా పైకి చెప్పదు, పదిసార్లు తిప్పి అడిగితే బయటపడింది. లానా ఇప్పుడు సంతోషంగా ఉంది.

దశాబ్దం పైగా ఈవిడ దుఃఖం మీద ఆధారపడి బతికిన లక్షలమంది పిల్లలకి ఇది మామూలు దెబ్బ కాదు. ఆవిడ చల్లగా ఉండాలి, కానీ పాటల్లో ఆరిపోవాలి. మొగుడు మంచివాడై ఉండాలి, కానీ రెండో చరణానికల్లా చెప్పకుండా వెళ్ళిపోవాలి. 2025 ఏప్రిల్లో కాలిఫోర్నియాలో స్టేజ్‌కోచ్ అనే కంట్రీ సంగీతోత్సవంలో ‘హజ్బెండ్ ఆఫ్ మైన్’ అని కొత్త పాట పాడిందని తెలిసి, మా పిల్ల ఆ రాత్రంతా కలవరపడింది. “మొగుడి మీద పాటట బాబాయ్. తిట్లేమీ లేవట.” నేను ధైర్యం చెప్పాను. కంట్రీలో అలాంటి భయాలు పెట్టుకోకూడదు. భర్తని విడిచిపెట్టొద్దని 1968లో ‘స్టాండ్ బై యువర్ మాన్’ పాడిన టామీ వైనెట్ తన జీవితంలో ఐదుసార్లు పెళ్ళిచేసుకుంది. అదే ఏడాది ఆవిడ ఇంకో పెద్ద హిట్టు విడాకుల మీదే. ఈ టూర్‌లో లానా పాడిన పాటల్లో మొదటిది ఉంది, రెండోది ఇంకా రాలేదు. అయినా పెరటి వెనక అన్ని మొసళ్ళుండగా కన్నీళ్ళకి కరువేంటి?

అదే ఉత్సవంలో ‘57.5’ అని ఇంకో పాట కూడా పాడింది. అప్పట్లో స్పాటిఫైలో తన పాటలు నెలకి వినేవాళ్ళ సంఖ్య అది, మిలియన్లలో. మన లెక్కలో ఐదు కోట్ల డెబ్బై ఐదు లక్షలు. పాటలో తమ ప్రస్తావన వచ్చిందని ఆ ఐదు కోట్ల డెబ్బై ఐదు లక్షల మందీ విడివిడిగా పొంగిపోయారు. 2021లో జరగాల్సిన మన జనాభా లెక్కలు 2027కి వెళ్ళాయి. లానాకి ఆల్బం తేదీ తెలియకపోయినా జనాభా మాత్రం దశాంశంతో సహా తెలుసు.

2025 ఆగస్టులో ఒక పత్రికతో మాట్లాడుతూ ఇంకో కొత్త సంగతి చెప్పింది. ఆల్బం పేరు ఈసారి ‘స్టవ్’. ఇంకో ఆరు పాటలు కలిశాయి. అనుకున్నదానికన్నా సొంత కథ ఎక్కువ పడిందట, అందుకే ఆలస్యమట. 2026 జనవరి ఆఖరుకి రావచ్చట. కోపం తెచ్చుకోవాల్సిన అభిమానులు, పొయ్యి పేరు పెట్టాక ఉడకడానికి ఆ మాత్రం టైము పట్టదా అని తమకి తామే సర్దిచెప్పుకున్నారు. పాత టోపీలు బీరువా పైనుంచి దింపి దుమ్ము దులిపారు.

మా పిల్ల క్యాలెండరు చూసుకుంది. ఆల్బంలు దిగేది శుక్రవారాలు, నెలాఖరు శుక్రవారం 30వ తేదీ. ఆ రోజుకి సెలవు కావాలని ఆఫీసులో అప్పుడే అర్జీ పెట్టింది. మే 21కి అడిగినప్పుడు ఇంట్లో పెళ్ళని చెప్పి, తర్వాత వాయిదా పడిందని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ఈసారి మేనేజరు అర్జీ చదివి జాలిగా, “అదే పెళ్ళా?” అన్నాడట.

“అదే. పెళ్ళికూతురు పేరే మారింది” అందిట.