ఆట రాకపోతే మద్దెల పెంచు

టీజర్ వచ్చిందంటే మన సినిమావాళ్లకి రెండు రకాల ప్రేక్షకులే కనిపిస్తారు. అదిరిందన్నవాళ్లు రసజ్ఞులు. అందులోని గ్రాఫిక్స్ పులి బొమ్మలా ఉందన్నవాళ్లు ఫోన్లో చూసినవాళ్లు. "డాల్బీ అట్మాస్ థియేటర్లో చూడండి, అప్పుడు తెలుస్తుంది" అని ఆ రెండో రకానికి ఓ సలహా పారేస్తారు. వెళ్లి చూస్తాం. నిజానికి అక్కడ ఏమీ తెలియదు. సబ్ ఊఫర్ గుండెల మీద గుద్దుతూ, వెనక ఓ పటాలం సంస్కృతంలో ఏదో అరుస్తూ ఉంటే, పులి కాళ్లు నేలకి ఆనాయో లేదో చూసే తీరిక ఎవరికుంటుంది?

వెనకటికి ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట. ఇప్పుడు మద్దెలని ఎవరూ పల్లెత్తు మాట అనరు. దాని మీదే బతుకుతున్నారు మరి.

'ఆదిపురుష్' సంగతే చూడండి. 2022 అక్టోబర్ 2న అయోధ్యలో టీజర్ విడుదల చేస్తే జనం నవ్వారు. ఇది పెద్ద తెర కోసం తీసింది, ఫోన్ కోసం కాదని దర్శకుడు ఓం రౌత్ సర్దిచెప్పారు. హైదరాబాద్‌లో అదే టీజర్ని త్రీడీలో వేసి చూపించారు కూడా. నవంబర్ వచ్చేసరికి సంక్రాంతి విడుదల కాస్తా 2023 జూన్ 16కి జరిగింది, విజువల్స్‌కి ఇంకొంత టైమ్ కావాలట! తప్పు ఫోన్లదైతే ఆ అయిదు నెలలూ ఫోన్లు బాగుచేయాలి గానీ, బొమ్మల జోలికి ఎందుకు వెళ్లినట్టు?

శబ్దం బొమ్మ విలువ పెంచుతుందన్నది అబద్ధమేమీ కాదు. 1998లో అమెరికా నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో రసెల్ స్టార్మ్స్ అనే పరిశోధకుడు తన పీహెచ్‌డీ కోసం, మంచివీ నాసివీ బొమ్మలూ శబ్దాలూ జతచేసి జనం చేత మార్కులు వేయించాడు. మంచి శబ్దం తోడైతే బొమ్మకి పడే మార్కులు పెరిగాయి. కాకపోతే అది బొమ్మ కూడా మంచిదైనప్పటి మాట. మనవాళ్లు సగం చదివి రీరికార్డింగ్ థియేటర్‌కి పరిగెత్తినట్టున్నారు.

1993 నాటి 'జురాసిక్ పార్క్'ని అందరూ గ్రాఫిక్స్ సినిమా అంటారు. రెండు గంటల పైచిలుకు సినిమాలో కంప్యూటర్ డైనోసార్లు కనబడేది ఆరు నిమిషాలో ఎంతో. మిగతా భయం చాలావరకు మనకి చెవుల్లోంచి ఎక్కింది. టీ-రెక్స్ గర్జన కోసం గ్యారీ రిడ్‌స్ట్రామ్ ఏనుగు పిల్ల, పులి, మొసలి గొంతులు కలిపాడు. అది కంచె తెంపుకుని కారు మీద పడే సీన్ ఈసారి జాగ్రత్తగా వినండి. వాన చప్పుడు, లోహం నలిగే చప్పుడు, ఆ మృగం ఊపిరి. జాన్ విలియమ్స్ అంతటి సంగీత దర్శకుణ్ని పెట్టుకుని, ఆ దాడి సాగినంతసేపూ ఒక్క వాయిద్యం మోగించలేదు! అదే సీన్ ఇక్కడ తీసుంటే డైనోసార్ కాలు బయటపెట్టకముందే దాని పేరు మీద ఓ ర్యాప్ పాట వచ్చేది.

మన పులి దగ్గరికి మళ్లీ వద్దాం. స్లో మోషన్‌లో హీరో మీదికి దూకుతుంది. దిగిన చోట గడ్డి వంగదు, దుమ్ము లేవదు. అంత బరువైన జంతువు దిగిన చప్పుడు కూడా వినబడదు, ఎందుకంటే బీజీఎమ్ దాన్ని ఎప్పుడో మింగేసింది. ఎండుటాకు మీద పంజా పడిన చిన్న శబ్దం ఉన్నా మనం సగం నమ్మేవాళ్లం. బరువు తెలిసేది ఆ చప్పుడుతోనే. ఇక్కడ గ్రాఫిక్స్ లోపాన్ని శబ్దం దాచిందనడం కూడా దండగ మాట, బొమ్మకి ఆసరాగా నిలిచే ఒక్క శబ్దాన్నీ చంపేసింది.

ఇదంతా మనవాళ్లకి చేతకాక కాదు. 2012లో 'ఈగ' తీసినవాళ్లూ ఇక్కడివాళ్లే. ఆ ఈగకి ఒక్క డైలాగ్ లేదు, అయినా దాని కోపం మనకి అర్థమైంది. కొబ్బరికాయ కొట్టిన రోజే విడుదల తేదీ ప్రకటించేసి, షాట్లు ఆఖరి వారం దాకా రెండర్ అవుతూ ఉంటే మాత్రం, మిగిలేది వాల్యూమ్ నాబ్ ఒక్కటే. తిట్లు మాత్రం కంప్యూటర్ ముందు రాత్రిళ్లు కూర్చున్న కుర్రాళ్లకి.

రివ్యూ రాసే బాబులూ, ఓ చిన్న మనవి. "గ్రాఫిక్స్ హాలీవుడ్ లెవెల్" అని రాసే ముందు, సినిమా ఓటీటీకి వచ్చేదాకా ఆగి, అదే సీన్ ఒకసారి మ్యూట్‌లో చూడండి. అప్పుడూ బాగుంటే ఆ మార్కులు గ్రాఫిక్స్ వాళ్లకి వేయండి. లేకపోతే సౌండ్ వాళ్లకి వేయండి, పాపం వాళ్లు రెండు ఉద్యోగాలు చేశారు.