నల్లా వేళల అధికారివారికి ఒక తల్లి బహిరంగ లేఖ

మహారాజశ్రీ, మా పట్టణమునకు నల్లా నీళ్ళు విడుచు వేళను నిర్ణయించు అధికారివారి దివ్యసముఖమునకు, ఇద్దరు పసిబిడ్డల తల్లియు, తత్కారణమున నిద్రాహారములకు వేళాపాళా లేనిదియు నగు నల్లగొండ జిల్లా గృహిణి సవినయముగా చేసుకొను విజ్ఞాపనము.

ఇంతకాలము సాయంసమయమున వచ్చుచుండిన నీరు, గత సోమవారము మొదలు, చాటింపు లేక, కబురు లేక, ఉదయము ఏడున్నరకు వచ్చుచున్నది. ఇరువదినాలుగు గంటలలో ఈ ముహూర్తమునే తమరు ఏ పంచాంగము చూచి పెట్టితిరో ఎరుగను గాని, పెద్దదానికి ఒక జడ వేసి రెండవ జడకు పాయలు తీయుచుండగా, చిన్నవాడు తలనిండ సబ్బునురుగుతో స్నానపుగదిలో నిలిచియుండగా, పొయ్యిమీద ఉప్మా అడుగంటుచుండగా, గల్లీ మొగదల బడి ఆటో హారను మోగుచుండగా, సరిగా ఆ క్షణముననే “అమ్మా, నల్లా వచ్చింది!” అను కేక వినవచ్చుట చూచి, తమ జ్యోతిశ్శాస్త్ర పాండిత్యమునకు చేతులు జోడింపవలసివచ్చినది.

పాండిత్యమేమి, నా తలకాయ! బిడ్డలున్న ఇంట ఏడున్నర యనగా నేమో తమ ఇంట ఎవరినైనను ఒక్కమారు అడిగితిరా? వచ్చు నీరైనను ధారగా వచ్చునా? ఎగువ ఇండ్లవారు నల్లాకే మోటారు బిగించి గుంజుకొనగా మా వంతునకు మిగులునది దారపుపోగంత ధార. నిన్నటి ఉదయము బిందె సగమునకు వచ్చుసరికి మావాడు నురుగు కారుచునే పరుగెత్తుకొనివచ్చి వాళ్ళ నాయన చెప్పును అందులో వేసి, అది మునుగుట చూచి చప్పట్లు చరచినాడు. ఆ బిందెను పారబోసి, తోమి, మరల పెట్టుసరికి నల్లా బంద్! ఆటో వెళ్ళిపోయినది. ఒంటిజడతో బడికి పోనని పెద్దది గడపమీద కూర్చున్నది. పిల్లల తండ్రి ఆ వేళకు హైదరాబాదు బస్సులో చౌటుప్పల్ దరిదాపుల నుండును గనుక ఆయనను పిలిచియు లాభము లేదు.

బోరునీళ్ళు లేవా యని తమరు సెలవీయవచ్చును. నల్లగొండలో తల్లిని అడుగవలసిన మాటయేనా అది? పాలపళ్ళ వెనుక శాశ్వత దంతములు రూపుకట్టు ఈ మొదటి ఎనిమిదేండ్లలోనే బోరునీటిలోని ఫ్లోరైడు పంటిని పట్టుకొనుననియు, అప్పుడు పడిన మచ్చ తోమినంత మాత్రమున పోదనియు మాకు వైద్యులు చెప్పనక్కరలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బంధువులున్న ప్రతి ఇంటను, వంగిన కాళ్ళను, బిగిసిన నడుములను చూచియే పెరిగితిమి. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి మా ఊరి పేరే పెట్టగా, ఆ నల్లగొండ పద్ధతి ఇథియోపియా, టాంజానియా దేశముల దాక పోయినది. మా బిందెలు మాత్రము నల్లా దగ్గరనే నిలిచియున్నవి. 2015లో ఆ చౌటుప్పల్‌లోనే మిషన్ భగీరథ త్రాగునీటి పథకపు పైలాను వెలసినప్పుడు, పల్లెలో మనిషికి నూరు లీటర్లు, పురపాలికలో నూటముప్పదియైదు లీటర్లు అని లెక్క కట్టినారు. లీటర్ల లెక్క కట్టినవారు ఆ లీటర్లను పట్టుకొను ఆడుదాని గడియారమునెందుకు లెక్కలోనికి తీసుకొనలేదు?

పాలమూరులోని మా తల్లిగారింటికి ఫోను చేసి మొరపెట్టుకొనగా, మా అమ్మ “మీకు పొద్దుగాలనన్న వస్తున్నయ్ బిడ్డా, మాకు నడిరాత్రి వస్తయ్, కుక్కలు గూడ లేవయ్” అని నన్నే ఓదార్చినది.

పైపుల కొరకు తవ్విన గల్లీని పూడ్పక వదలిన సంగతియు, ఆ గుంతలో పడి పెద్దది మోకాలు చీరుకొనిన సంగతియు తమ పరిధిలోనివి కావని తెలియును. మార్చి నడుమ ఒంటిపూట బడులు పెట్టి, తలమీద నిప్పులు కురియు పన్నెండున్నరకు పసివాండ్రను ఇండ్లకు తోలుటయు తమ పని కాదు. రాత్రి పిల్లలను పండబెట్టిన పిమ్మట, “రేపు ఉదయము నీటి పొదుపుపై రంగుల చార్టు తప్పక తేవలెను” అని బడివారు వాట్సాప్‌లో పంపిన ఆజ్ఞయు తమది కాదు. అయినను అది చూచినప్పుడు తమరే జ్ఞప్తికి వచ్చితిరి. పొదుపు చేయుటకు ముందు నీరు బిందెలో పడవలెను గదా!

అయ్యా, అలిసిపోయితిని. ఎక్కువ నీరు అడుగుట లేదు. తెల్లవారుజామున ఐదింటికి విడుచుడు, పిల్లలు నిదురలో నుందురు. లేదా రాత్రి తొమ్మిదింటికి విడుచుడు, అన్నము తిని పండుకొనియుందురు. రెండును కుదరనిచో తమ చిత్తము వచ్చినప్పుడే విడుచుడు గాని, రేపటి వేళను నేటి సాయంత్రమే తెలుపుడు. బడివారి వాట్సాప్ మాకు అర్ధరాత్రియు చేరుచున్నది. తమ కబురు చేరక పోదు. వేళ తెలిసిన నాడు బిడ్డకు రెండు జడలు వేసి బడికి పంపగలను. దయయుంచి ఈ ఒక్కటి చేయుడు.